వేడి మీదే గేజు చూడాలి

నాలుగేళ్ల బీటెక్‌లో నాకు అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన సబ్జెక్టు ఒక్కటే, ఐ.సి. ఇంజన్స్. వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ కళ్ళు మూసుకుని గీసేవాణ్ణి. ల్యాబ్‌లో హీట్ బ్యాలెన్స్ షీటు వేయాల్సి వస్తే సగం బ్యాచి నా రికార్డు కోసమే ఎదురుచూసేది. (నా రీడింగులు సీనియర్ రికార్డులోంచి దించినవి, అది వేరే సంగతి.) అలాంటి నేను, పాసై బయటికొచ్చిన ఐదేళ్లకి, ఒక శనివారం మధ్యాహ్నం సిమెంటు నేల మీద అట్టపెట్టె పరుచుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు నోట్లో పెట్టుకుని, ఇంజన్లో ఆయిల్ కింద నుంచి ఎక్కడ తీస్తారో వెతుకుతున్నాను. గంటన్నర వెతికాను.

ఆ ఇంజన్ స్నోమొబైల్‌ది. చూడని వాళ్ళ కోసం చెబుతాను. బైకులాగే హ్యాండిలు, సీటు ఉంటాయి. ముందు చక్రం బదులు రెండు స్కీలు, వెనక చక్రం బదులు యుద్ధట్యాంకుకి ఉన్నట్టు గుండ్రంగా తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా. గేర్లుండవు. మన స్కూటీల్లో ఉన్నట్టే బెల్టు, రెండు పుల్లీలు. నడుము లోతు మంచు మీద కూడా దిగబడకుండా పోతుంది.

నేనుండేది మిషిగన్ రాష్ట్రం ఉత్తర కొసన, లేక్ సుపీరియర్‌లోకి పొడుచుకుపోయిన కీవెనా అనే ద్వీపకల్పంలో, హోటన్ అనే చిన్న ఊళ్ళో. ఎం.ఎస్. అని వచ్చి పి.హెచ్.డి.లో ఇరుక్కున్నాను. చలిగాలి ఆ సరస్సు మీదుగా వస్తూ నీటావిరిని మోసుకొచ్చి, నేల తగలగానే మంచుగా దింపేస్తుంది. 1978-79 చలికాలంలో ఇక్కడ 390.4 అంగుళాల మంచు పడింది. అంటే దాదాపు పది మీటర్లు, మూడంతస్తుల మేడ ఎత్తు. రోడ్డు పక్కన థర్మామీటరు ఆకారంలో పెద్ద బోర్డు పెట్టి ఆ అంకె దాని మీద రాసుకున్నారు. మన దగ్గర వరద వచ్చినప్పుడు వంతెన స్తంభం మీద గీత గీసి సంవత్సరం రాస్తారే, అలాగన్నమాట. మా ఊళ్ళో కాలువ మీదున్న వంతెనకి రెండు అంతస్తులు. చలికాలంలో పై అంతస్తు మీద కార్లు పోతుంటే కింది అంతస్తులోంచి స్నోమొబైళ్లు పోతుంటాయి.

మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన పెద్దాయన. వాళ్ళ తాతలు ఫిన్లాండు నుంచి ఇక్కడి రాగి గనుల్లో పనికి వచ్చారు. ఆయనకి అడవిలో ఒక చెక్క గది ఉంది, ఇక్కడివాళ్ళు 'క్యాంపు' అంటారు. చలికాలం అక్కడికి రోడ్డు మూసుకుపోతుంది. రెండు మూడు వారాలకోసారి ఎవరో ఒకరు వెళ్లి పైకప్పు మీద మంచు తోడెయ్యకపోతే బరువుకి కప్పు కూలుతుంది. ఆయన స్నోమొబైల్ మీద ఒక్కడే వెళ్లొస్తాడు. ఆ ఏడాది ఆయనకి మోకాలి ఆపరేషనైంది. బండి నడపగలడు గానీ కింద కూర్చుని లేవలేడు. "నువ్వు మెకానికల్ ఇంజనీరువి కదా, దీని ఆయిల్ మార్చిపెడతావా?" అనడిగాడు. ఆ 'కదా' దగ్గరే నేను పడిపోయాను. ఎందుకు మార్చను, బ్రహ్మాండంగా మారుస్తాను అన్నాను.

నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నేను ఏ బండికీ ఆయిల్ మార్చలేదు. ఇందులో పెద్ద వింతేముంది, మన బ్రాంచిలో ఎంతమంది మార్చారు గనక అంటారేమో. మా నాన్న బైకు మెకానిక్.

తాడేపల్లిగూడెంలో మా ఇంటి కిందే షాపు. పై వాటాలో మేం, కింద నాన్న, ఇద్దరు కుర్రాళ్ళు, వరసగా నిలబెట్టిన బళ్ళు. నేను పుట్టకముందు నుంచీ ఆయన చేసేది ముఖ్యంగా బుల్లెట్లు. ఏలూరు నుంచి కూడా తోలుకొచ్చేవాళ్ళు. స్కూలు నుంచి రాగానే బ్యాగు పడేసి షాపులోకి దిగితే, "పైకెళ్ళి చదువుకో" అనే ఒక్క మాట. ఎనిమిదో క్లాసులో ఒకసారి ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ప్లగ్గు పానా తీసుకుని ఓ బండి ప్లగ్గు విప్పబోయాను. వెనక నుంచి వచ్చి మోచేతి మీద ఒక్కటిచ్చాడు. కొట్టినందుకు ఆ రాత్రి ఆయనే అన్నం తినలేదు. "నేనెంత కిరసనాయిలుతో కడుక్కున్నా అన్నంలో పెట్రోలు వాసనేరా. నీకొద్దు," అన్నాడు. మళ్ళీ ముట్టుకోలేదు. ముట్టుకోవాలనిపించడం కూడా కొన్నాళ్ళకి మానేసింది.

మన కాలేజీలో చేరిన రోజు ఇచ్చిన ఫారంలో 'తండ్రి వృత్తి' అన్నచోట 'బిజినెస్' అని రాశాను. హాస్టల్లో ఎవడో "మీది బైకుల షోరూమా?" అంటే అవుననలేదు, కాదనీ అనలేదు. ఈ పత్రిక లింకు నాన్నకి పంపుతాను. ఈ పేరా కూడా చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

సరే, ఆయిల్ సంగతి.

స్నోమొబైళ్లలో టూ-స్ట్రోక్‌వి చాలా ఉన్నాయి. వాటికి ఇంజన్ ఆయిల్ మార్చడమనేదే ఉండదు. పాత రాజ్‌దూత్‌లకి బంకులో టూ-టీ ఆయిల్ కలిపించుకునేవాళ్ళే, అలా పెట్రోలుతో పాటు కాలి పొగై పోతుంది. ఆ పొగ, ఆ చప్పుడు మీద ఎల్లోస్టోన్ పార్కులో గొడవలయ్యాక, పొగా మోతా తగ్గించిన స్నోమొబైల్ తయారు చెయ్యమని ఇంజనీరింగ్ విద్యార్థులకి 2000లో ఒక పోటీ మొదలుపెట్టారు. 2003 నుంచి ఆ పోటీ మా ఊరికి వచ్చేసింది. పెద్దాయన బండి ఫోర్-స్ట్రోక్. అందులో ఆయిల్ కాలదు, ఉండిపోతుంది. ఉండిపోతుంది కాబట్టి చెడుతుంది. మైనస్ ఇరవైలో స్టార్ట్ చేసి నాలుగడుగులు నడిపి ఆపేస్తుంటే లోపల చెమ్మ పడుతుంది, కాలని పెట్రోలు జారి కలుస్తుంది. పోసే ఆయిల్ కూడా వేరు. నాన్న బుల్లెట్లకి పోసేది 20డబ్ల్యూ-50. అది ఇక్కడ పోస్తే తెల్లారేసరికి తేనెలా బిగుసుకుంటుంది. దీనికి 0డబ్ల్యూ-30. ఆ 'డబ్ల్యూ' అంటే వింటర్ అని పరీక్షలో రెండు మార్కులకి రాశాను గానీ, వింటర్ అంటే ఏంటో ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మాన్యువల్ చెప్పినట్టే ఇంజన్ కాసేపు వేడి చేశాను, ఆయిల్ పల్చబడి మురికంతా ఎత్తుకుని దిగుతుందని. గ్యారేజీ తలుపు బార్లా తెరిచే ఉంచాను. చలికి భయపడి తలుపు మూసి ఇంజన్ ఆన్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో మనమే పోతాం. పైగా ఈ బండిని ఎక్కువసేపు ఊరికే ఆన్‌లో ఉంచకూడదు. నడుస్తున్నప్పుడు పట్టా విసిరే మంచే లోపలి గొట్టాల్లో కూలెంట్‌ని చల్లబరిచేది. మంచు లేని నేల మీద కాగిపోతుంది.

తరవాత వెతుకులాట. ఇంజన్ కింద ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది, దానికో చిన్న కన్నం, ఆ కన్నంలోంచి డ్రెయిన్ నట్టు కనిపించాలి. కనిపించింది. విప్పాను. నల్లగా కొంచెం వచ్చి ఆగిపోయింది. ఇంతేనా అనుకున్నా. మాన్యువల్ తిరగేస్తే రెండు నట్లున్నాయట, ఒకటి ఇంజన్‌కి, ఒకటి విడిగా ఉన్న ఆయిల్ ట్యాంకుకి. రెండోది విప్పేసరికి నేను పెట్టిన గిన్నె ఒక దిక్కు, ధార ఒక దిక్కు. తొట్టంతా ఆయిల్. పాల డబ్బా కోసి గరాటులా వంచి పెట్టాను గానీ అప్పటికే చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసింది. ఎనిమిదో క్లాసులో దెబ్బ తగిలిన చెయ్యే. ఆ మాట అప్పుడు తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

ఫిల్టర్ పట్టు వదలడానికి ఇంకో అరగంట. కొత్త దాని రబ్బరు రింగుకి కాస్త కొత్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాను. నట్లకున్న వాషర్లు బాగానే కనిపించాయి, వాటినే వేసేశాను. మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం కొలిచి పోశాను. అర నిమిషం ఆన్ చేసి చూస్తే కింద చుక్క కారలేదు. ఐదింటికే చీకటి. పైకెళ్ళి పప్పు, అప్పడం తిని మహారాజులా పడుకున్నాను. ఆ లెక్క తరవాతి పేజీలో ఏముందో చదవలేదు.

ఆదివారం పొద్దున కిందికొచ్చి గేజు తీసి చూశాను. గేజు మీద రెండు గీతలుంటాయి, ఆయిల్ ఆ రెంటి మధ్యన ఉండాలి. కింది గీతకి అందనే లేదు. గుండె జారింది. రాత్రంతా ఎక్కడ కారిందా అని చూస్తే నేల పొడిగా ఉంది. కొలత తప్పానేమో అనుకుని సీసాలో మిగిలింది పోశాను. మళ్ళీ చూస్తే సరిగ్గా మధ్యకొచ్చింది. హమ్మయ్య అనుకుని బండి బయటికి లాగి స్టార్ట్ చేశాను. వంటింటి కిటికీలోంచి పెద్దాయన కాఫీ కప్పు ఎత్తి చూపించాడు. నేనూ బొటనవేలు ఎత్తాను.

ఎత్తిన బొటనవేలు దించకముందే అన్నట్టు, కాసేపటికే సైలెన్సర్లోంచి నీలం పొగ. ఆపి మూత తీస్తే ఎయిర్ బాక్సు కింద బొట్లు బొట్లుగా ఆయిల్. పిస్టన్ రింగులు పోయాయా? రాత్రి బాగున్న రింగులు పొద్దుటికి ఎలా పోతాయి? నాకు తెలిసిన సూత్రాలన్నీ వరసగా గుర్తొచ్చాయి, ఒక్కటీ పనికి రాలేదు. మంగళవారం ఆయన క్యాంపుకి వెళ్లాలి. అడవి మధ్యలో ఇది ఆగిపోతే, ఆ మోకాలితో, ఆ మంచులో ఆయన నడవలేడు. నన్ను నమ్మి ఇచ్చాడు.

ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నరంటే మన దగ్గర రాత్రి ఏడు. వీడియో కాల్ చేశాను. నాన్న చొక్కా లేకుండా టీవీ ముందు కూర్చున్నాడు. పొగ, ఎయిర్ బాక్సు, రింగులు, బ్లో-బై అంటూ గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాను.

"ఆగరా. గేజు ఎప్పుడు చూశావు?"

"ఇందాకే నాన్నా, పొద్దున లేవగానే."

"స్టార్ట్ చెయ్యకుండానా?"

"ఆఁ."

"ఆయిల్ ట్యాంకు వేరేగా ఉందా దీనికి?"

"ఉంది. డ్రై సంప్ అంటారు నాన్నా, అంటే..."

"ఏదంటే ఏంటిరా, బుల్లెట్టే కదా," అని లేచి నిలబడ్డాడు. చొక్కా కూడా వేసుకోకుండా ఫోను పట్టుకుని మెట్లు దిగాడు. షట్టరు లేచిన చప్పుడు. లైటు వేశాడు. ఆ షాపుని నేను అంత జాగ్రత్తగా ఎప్పుడూ చూడలేదు, వేల మైళ్ల దూరం నుంచి అరచేతంత తెరలో చూశాను. వారం నుంచి కదలని పాత ఇనప ఇంజన్ బుల్లెట్ ఒకటి ఉంది. గేజు తీసి కెమెరాకి ఆనించాడు. ఆయిల్ కింది గీతకి దిగువన. "చూశావా? తక్కువుంది కదా? ఇప్పుడు చూడు." రెండు కిక్కుల్లో స్టార్టయింది. ఐదు నిమిషాలు ఊరికే ఉంచాడు. ఆ డుగుడుగులో మాటలు వినపడక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉన్నాం. ఆపి, తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. చుక్క పొయ్యకుండానే ఆయిల్ పైగీత దగ్గరికొచ్చింది.

మామూలు బైకుల్లో ఆయిల్ ఇంజన్ అడుగునే గిన్నెలో ఉంటుంది. పాత బుల్లెట్లో అలా కాదు, ఓ పక్కన అరలో ఉంటుంది. ఒక పంపు అక్కణ్ణించి ఇంజన్‌కి ఇస్తుంది, ఇంకో పంపు అడుక్కి కారిందాన్ని ఎత్తి మళ్ళీ అరలో పోస్తుంది. బండి నిలబెట్టేస్తే అరలోది మెల్లమెల్లగా అడుక్కి జారిపోతుంది. గేజు ఉండేదేమో అరలో. చూసినవాడికి తక్కువున్నట్టు కనిపిస్తుంది. పోస్తాడు. స్టార్ట్ చెయ్యగానే జారిందంతా పైకొచ్చి, చోటు చాలక, గాలి గొట్టంలోంచి బయటికి తంతుంది. స్నోమొబైల్లో ఇంజన్‌ని వీలైనంత కిందికి దించి కూర్చోబెట్టడానికీ, బండి ఎటు ఒరిగినా ఆయిల్ అందడానికీ ఇదే పద్ధతి పెట్టారు. మాన్యువల్లో నేను చదవని పేజీలో ఉన్నది ఈ ఒక్క ముక్కే, ఇంజన్ వేడెక్కించి ఆపాకే గేజు చూడమని.

"నెలకోసారి బండి తీసేవాళ్ళంతా ఇంతే. పోసేసి, పొగొస్తోందని నా దగ్గరికి తెస్తారు. నీ కాలేజీ ఫీజు సగం అలాంటివాళ్ళు కట్టిందేరా," అన్నాడు. నవ్వాడు గానీ, నాకు నోరు పెగల్లేదు.

ఎక్కువైంది తియ్యాలి. సిరంజికి సెలైన్ గొట్టం తగిలించి గేజు కన్నంలోంచి లాగమన్నాడు. ఇక్కడ సిరంజి ఎక్కడిది? పెద్దాయనకి చెబితే వంటింట్లోంచి పొడుగు గొట్టానికి రబ్బరు బుడ్డి ఉన్నదొకటి తెచ్చాడు. పండక్కి టర్కీ కోడి కాలుతుంటే దాని మీద రసం పొయ్యడానికి వాడతారట. "మా ఆవిడకి చెప్పకు," అన్నాడు. ఫోను గ్యారేజీ అలమరకి ఆనించి పెట్టాను. నాన్న తెలుగులో, పెద్దాయన ఇంగ్లీషులో, ఇద్దరూ నా చేతులకేసే చూస్తూ. కొంత లాగడం, ఎయిర్ బాక్సు తుడవడం, బండిని మంచు మీదికి తీసి వేడి చెయ్యడం, ఆపడం, గేజు చూడటం. మూడుసార్లయ్యాక ఆయిల్ రెండు గీతల మధ్యకొచ్చింది. మిగిలిన పొగ కూడా పల్చబడి పోయింది.

"డ్రెయిన్ నట్లకి వాషర్లు కొత్తవి వేశావా?"

"పాతవి బాగానే ఉన్నాయి నాన్నా."

ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "ఆ బండి మీద ఎవరెళ్తారు?" అన్నాడు.

చెప్పాను. అడవి, మోకాలు, అన్నీ.

"అయితే మళ్ళీ విప్పు."

ఆ వాషరు మెత్తటి లోహం. ఒకసారి బిగిస్తే నలిగి, ఆ నట్టుకి సరిపోయేలా కూర్చుంటుంది. రెండోసారి అంతే గట్టిగా కూర్చుంటుందని చెప్పలేం. ఇవాళ కారకపోవచ్చు, చలికీ వేడికీ నాలుగుసార్లు సాగి ముడుచుకుంటే ఏమవుతుందో తెలీదు. సోమవారం కొత్తవి కొని, శుభ్రమైన గిన్నెలో ఆయిల్ పట్టి, వాషర్లు మార్చి, అదే ఆయిల్ తిరిగి పోశాను. పెద్దాయన టార్క్ రించ్ ఇచ్చాడు. మాన్యువల్లో అంకె చూసి బిగిస్తుంటే నాన్న ఫోన్లో, "అదేంట్రా టిక్కుమంది?" అన్నాడు. ఆయన చెయ్యే ఆయనకి టార్క్ రించ్. తీసిన పాత ఆయిల్‌ని డబ్బాలో పోసి స్పేర్ పార్టుల షాపులో ఊరికే ఇచ్చేసి వచ్చానంటే మాత్రం నమ్మలేదు. మన దగ్గర సెంట్రింగ్ రేకులకి రాయడానికి మేస్త్రీలు కొనుక్కుపోతారు కదా.

బుధవారం పొద్దున పెద్దాయన బయల్దేరాడు. చీకటి పడేలోపు వస్తానన్నాడు. నేను ఆ రోజు ల్యాబుకి వెళ్లలేదు. కూర్చుని ఏం చెయ్యాలో తెలీక ఈ బళ్ళ చరిత్ర చదివాను. కెనడాలోని క్యుబెక్‌లో జోసెఫ్-ఆర్మాండ్ బాంబార్డియర్ అని ఒక గ్యారేజీ మెకానిక్ ఉండేవాడు. మంచు మీద నడిచే బండి కోసం కుర్రతనం నుంచీ ఏవో ప్రయోగాలు చేసేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి జబ్బు చేసింది. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్లే దారి లేక పిల్లాడు పోయాడు. 1937లో ఆయన పళ్ళచక్రం మీద తిరిగే పట్టాకి పేటెంటు తీసుకున్నాడు. మొదట చేసినవి డాక్టర్లూ, స్కూలు పిల్లలూ కూర్చుని వెళ్లే పెద్ద బళ్ళు. ఒక్కరిద్దరు ఎక్కే చిన్న బండి 1959లో వచ్చింది. అక్కడిదాకా చదివి ఫోను పక్కన పెట్టేశాను.

నాలుగైంది. నాలుగున్నరైంది. మంచు పడుతూనే ఉంది. ఐదు దాటాక దూరంగా చెట్ల వెనక చప్పుడు వినిపించింది. ఎక్కడా తడబడకుండా ఒకే శ్రుతిలో వస్తోంది. లైటు కనపడేదాకా నమ్మలేదు. పెద్దాయన దిగి, హెల్మెట్ తీసి, మీసాల మీద మంచు దులుపుకుని, "కప్పు బానే ఉంది," అని కుంటుకుంటూ లోపలికెళ్లిపోయాడు. బండి గురించి ఒక్క ముక్క అనలేదు. అననక్కర్లేదుగా.

అప్పుడే ఫోను మోగింది. మన దగ్గర తెల్లవారుజాము మూడూ నలభై.

"ముసలాయన వచ్చాడా?"

"వచ్చాడు నాన్నా. నువ్వింకా పడుకోలేదా?"

"పొగొచ్చిందా?"

"రాలేదు."

"వేడి మీదుంది కదా, ఆ రెండు నట్ల దగ్గరా వేలు పెట్టి చూడు. గుడ్డతో కాదు, వేలితో."

మళ్ళీ అట్టపెట్టె పరుచుకుని కిందికి దూరాను. ప్లాస్టిక్ తొట్టి కన్నంలోంచి వేలు పెట్టి ఒక నట్టు చుట్టూ రాశాను, తరవాత రెండోది. బయటికొచ్చి లైటు కింద చూసుకున్నాను. వేలు పొడిగానే ఉంది. గోటి కింద మాత్రం శనివారం నాటి నలుపు, నాలుగు రోజులు సబ్బుతో కడిగినా పోలేదు. అదే ఫోటో తీసి పంపాను.